తెగడ – సునాముఖి: రెండు విరేచనౌషధముల నామచరిత్రము

ఓషధికి సంస్కృతనామ మున్నయెడల నది ఋషులనాఁటిదనియు, నట్టి నామము లేనియెడల నది పల్లెవైద్యమునకో పరదేశమునకో చెందినదనియు మన పండితులలోఁ బెక్కండ్రు తలంతురు. నిఘంటువునందలి పేరును జూచి ద్రవ్యముయొక్క వయస్సును నిర్ణయించుట పాఠశాలలలోఁ గూడ వాడుకయై యున్నది. ఈ కొలకఱ్ఱ యెంతవఱకు నమ్మఁదగినదో పరీక్షించుటకు విరేచనౌషధములలో రెండింటిని దీసికొనుచున్నాను. ఒకటి తెగడ, రెండవది సునాముఖి. మొదటిదాని పేరు దేశ్యమువలెఁ దోఁచును. రెండవదాని పేరు సంస్కృతమువలె వినఁబడును. విచారించి చూడఁగా నీ రెండు తలంపులును దలక్రిందగుచున్నవి.

తెగడ తీఁగజాతి మొక్క. తూటికూర, చిలగడదుంప మొదలగువాని కుటుంబమునకుఁ జెందినది. త్రుంచినచోఁ బాలు గాఱును. దీని కాండము గుండ్రముగా నుండక మూఁడుగాని యంతకెక్కువగాని యంచులు గలదియై, యా యంచులు సన్నని రెక్కలవలె వెలికి వచ్చి యుండును. పూవులు తెల్లనివి, గరాటు ఆకారము గలవి. కాయ యెండినపుడు దాని పైభాగము మూఁతవలె నూడిపోవును; లోపల నల్లని గింజ లుండును. మందునకు వాడునది దీని వేరు. శాస్త్రగ్రంథములు వేరు రంగునుబట్టి యరుణమనియు శ్యామమనియు రెండు భేదములు చెప్పుచున్నవి. మన వైద్యులు తెల్లతెగడ, నల్లతెగడ యని వ్యవహరింతురు.

ఈ వేరునకుఁ బ్రాచీనులిచ్చిన స్థానమెట్టిదో చరకసంహితలోని యొక లెక్క స్పష్టపఱచుచున్నది. సూత్రస్థానము నాలుగవ యధ్యాయమున శోధనయోగము లాఱునూఱని చెప్పి విభజించిరి. అందు వమనయోగములు 355, విరేచనయోగములు 245. ఈ 245లో రేలకు 12, తిల్వకమునకు 16, జెముడుపాలకు 20, సప్తలాశంఖినులకు 39, దంతీద్రవంతులకు 48 చెల్లఁగా, మిగిలిన 110 యోగములును శ్యామాత్రివృత్తులవే, అనఁగాఁ దెగడవే. విరేచనప్రకరణమున నించుమించు సగభాగము ఈ యొక్క వేరే యాక్రమించుకొన్నది. ఈ యోగములను విస్తరించి చెప్పు కల్పస్థానము దృఢబలునిచేఁ బూరింపఁబడిన భాగములలోనిదని చరకసంహితయే చెప్పుచున్నది. కాని గణన సూత్రస్థానముననే యున్నది కావున, తెగడకు నీ ప్రాధాన్యమును దృఢబలుఁడు క్రొత్తగాఁ గల్పించెనని చెప్ప వీలులేదు. అది యంతకుఁ బూర్వమే స్థిరపడిన మతము.

ఆ సూత్రస్థానముననే యిరువదియైదవ యధ్యాయమున శ్రేష్ఠద్రవ్యముల నెన్నుచు విరేచనములను మూఁడు తరగతులుగా విడఁదీసిరి. మృదువిరేచనములలో రేల, తీక్ష్ణవిరేచనములలో జెముడుపాలు, సుఖవిరేచనములలోఁ దెగడ శ్రేష్ఠములు. ఇచట సుఖశబ్దమునకు దుర్బలమని యర్థము గాదు. పని గట్టిగాఁ జేయుచునే రోగిని బాధపెట్టనిదని యర్థము. సుశ్రుతుఁడును సూత్రస్థానము నలువదినాలుగవ యధ్యాయమున వేఱొక విభాగము చేసి యీ నిర్ణయమునకే వచ్చెను. పండ్లలోఁ గరక, చెక్కలలోఁ దిల్వకము, తైలములలో నాముదము, స్వరసములలోఁ గాకర, పాలలో జెముడు, వేళ్లలో నెఱ్ఱని తెగడవేరు విరేచనమునకు మేలని యాతఁడు చెప్పెను. ఒకరు గుణమునుబట్టియు మఱియొకరు ద్రవ్యాంగమునుబట్టియు విభజించినను దెగడస్థానము మాఱలేదు.

వేరును సంగ్రహించు విధికూడఁ గల్పస్థానమున సూక్ష్మముగాఁ జెప్పఁబడినది. లోఁతుగా దిగినదియు, నునుపైనదియు, నడ్డముగాఁ బ్రాఁకనిదియునైన వేరును ద్రవ్వి తీయవలెను. దానిని జీల్చి నడుమనున్న కట్టెను బాఱవైచి పైచెక్కను మాత్రమే యెండఁబెట్టి దాఁచవలెను. నేఁటి రసాయనశాస్త్ర మీ విధికి హేతువు చూపుచున్నది. విరేచనశక్తి గలది వేరులోని సర్జరసమువంటి పదార్థము. అది చెక్కయందే యధికముగా నుండును. ఎఱ్ఱనివేరును సుకుమారులకు, శిశువులకు, వృద్ధులకు, మృదుకోష్ఠులకు నీయవలెననియు, నల్లనివేరు త్వరితముగాఁ బనిచేసి మోహమును గలిగించును గావున బలము గల క్రూరకోష్ఠులకే తగుననియు నచటనే హెచ్చరిక కలదు. ఇట్లు లక్షణము, సంగ్రహవిధి, ప్రయోగము, నిషేధము నన్నియుఁ జెప్పఁబడిన ద్రవ్యము ఆ గ్రంథకర్తలు కన్నులారఁ జూచి చేత వాడినదే గాని విన్నమాటఁ బట్టి వ్రాసినది కాదు.

ఇఁక నామవిచారము. త్రివృత్తనఁగా మూఁటిగాఁ జుట్టుకొన్నది, ముప్పేటయైనది. కాండమునకుఁ గల యంచులను జూచినవారి కీ పేరు సార్థకమని వేఱుగఁ జెప్పనక్కఱలేదు. అమరసింహుఁడు వనౌషధివర్గమున దీనికిఁ బెక్కు పర్యాయములు చెప్పెను. వానిలోఁ ద్రివృతా, త్రిపుటా, త్రిభండీ యను మూఁటియందును ద్రిశబ్దమే మొదలుగా నున్నది. నల్లనిదానికి శ్యామా, కాలా, పాలిందీ మొదలగు పేళ్లను వేఱుగాఁ జెప్పుటచే రెండు భేదములును గోశకారుని కాలమునను గుర్తింపఁబడుచుండెనని తెలియుచున్నది.

తెలుఁగున దీనికిఁ దెగడ యను పేరు వచ్చిన విధమేమి? పందొమ్మిదవ శతాబ్దిలో నాంగ్లేయులు వ్రాసిన యోషధిగ్రంథములందును దెల్లతెగడ యను తెలుఁగుపేరు కానవచ్చును. తెగుట, తెగడుట యను క్రియలతో దీనిని ముడివెట్టి, మలబంధమును దెగఁగొట్టునది గావునఁ దెగడ యనుట సులభము. కాని సులభమైన వ్యుత్పత్తి యెల్లప్పుడు సత్యము గాదు. నాకుఁ దోఁచిన మార్గ మిది. త్రిపుటా శబ్దమునఁ బకారము ప్రాకృతమున వకారమగును, టకారము డకారమగును. ఈ రెండు నియమములును వరరుచి ప్రాకృతప్రకాశమునఁ జెప్పఁబడినవే. సంయుక్తమందలి రేఫ లోపింపఁగాఁ దివుడా యను రూపమేర్పడును. వంగభాషలో నీ మొక్కకుఁ దేఉడి యను పేరు నేఁటికిని గలదు. అది యీ రూపమునుండి వకారలోపముచేఁ బుట్టినదే. తెలుఁగున వకారగకారముల వినిమయము సుపరిచితము: పవలు–పగలు, చివురు–చిగురు, పవడము–పగడము. వీనిలోఁ గడపటిది ప్రవాళశబ్దమునుండి పుట్టినది గావున మన విషయమునకు మిక్కిలి సమీపమైన యుదాహరణము. ఆదియందలి యికార మెకారమగుట దిశ దెస యగుటవంటిది. తివుడ తిగడయై, తిగడ తెగడయైనది. నడిమి రూపము కేవల మూహ గాదు. కన్నడదేశమున నీ యోషధిని నేఁటికినిఁ దిగడె యనియే పిలుతురు.

ఇందుపై నొక యాక్షేపము రావచ్చును. తెగడ, తిగడె యనునవి ద్రావిడభాషలకు సహజమైన పదములే యేల కారాదు? త్రివృత్తే వానికి సంస్కృతీకరణ మేల కారాదు? దీనికి సమాధానము మొక్కయందే యున్నది. త్రివృచ్ఛబ్దము వైదికకాలమునుండియు ముప్పేటయను నర్థమునఁ బ్రయోగింపఁబడుచున్నది. అది యోషధికొఱకుఁ గల్పింపఁబడిన మాట గాదు. కాండముయొక్క రూపమునుబట్టి యోషధికి సంక్రమించిన మాట. తెగడ యను పదమునకట్టి యర్థము తెలుఁగులోఁ జూప వీలుకాదు. మఱియు ద్రావిడసంపర్క మంతగా లేని వంగభాషలోని రూపమును దన్మూలముననే సమన్వయింపవలసియున్నది. కావునఁ దెగడ దేశ్యమువలెఁ గానవచ్చు తద్భవము. పల్లెవైద్యుని నోటఁ బలుకఁబడు మాటయే చరకుని మాట.

ఈ యోషధి పడమటికిఁ బోయిన తెఱఁగును దీని పేరే తెలుపుచున్నది. ఎనిమిదవ శతాబ్ది తుదిభాగమున బాగ్దాదులో హరూన్ అల్ రషీదు ఖలీఫాకడ మంత్రులుగానున్న బర్మకీవంశమువారు భారతీయవైద్యగ్రంథములను అరబ్బీలోనికిఁ దెచ్చుటకుఁ బూనిరి. యహ్యా బర్మకీయాజ్ఞచే మంకా యను హిందూవైద్యుఁడు సుశ్రుతమును దెనిఁగించినట్లు కాక, అరబ్బులకుఁ దెలియునట్లు వివరించెనని 987లో ఇబ్న్ అల్ నదీము కూర్చిన ఫిహ్రిస్తు అను గ్రంథసూచిక తెలుపుచున్నది. చరకసంహిత మొదటఁ బారసీకమునకును బిమ్మట నరబ్బీకిని బరివర్తింపఁబడెను. అరబ్బువైద్యులు తెగడను దుర్బుద్ అని వ్యవహరించిరి. 1037లోఁ గీర్తిశేషుఁడైన ఇబ్న్ సీనా తన వైద్యశాస్త్రమున దీనిని బ్రత్యేకముగాఁ బేర్కొనెను.

తుర్బుద్ అను రూపమున నొక విశేషము గలదు. అరబ్బీలోఁ బకారము లేదు గనుక బకారము వచ్చుట వింత గాదు. కాని తెలుఁగునను వంగమునను లోపించిన రేఫ యిచట నిలిచియున్నది. మధ్యదేశపుఁ బ్రాకృతములలో లోపించు రేఫసంయుక్తములు వాయవ్యదేశమందలి గాంధారప్రాకృతమున నిలుచుట శాసనములవలనఁ దెలిసిన విషయము. బర్మకీలు బల్ఖునగరమందలి నవవిహారమను బౌద్ధక్షేత్రమునకు సంబంధించిన వంశమువారు. కావున నీ పేరు సంస్కృతగ్రంథమునుండి గాని వాయవ్యమార్గమున నడచిన వర్తకులనుండి గాని పడమటికిఁ బోయినదే తప్ప, దక్షిణమున రేఫ పోయిన రూపమునుండి యేర్పడినది గాదని చెప్పవచ్చును. ఒక్క పదమే రెండు త్రోవలఁ బోయి, యొకచోఁ దుర్బుద్‌గాను నింకొకచోఁ దెగడగాను మాఱినది.

అరబ్బీనుండి లాటినుభాషకుఁ బోయి యది టర్పెథుమ్ అయ్యెను. మొక్కను జూడక పేరును మాత్రమే యెఱిఁగిన యైరోపావైద్యులు ప్రాఁత గ్రీకుగ్రంథములలోని వేఱు మొక్కలతో దీనిని గలిపి చిరకాలము తగవులాడిరి. 1563లో గోవాయం దచ్చువేయఁబడిన గార్సియా ద ఓర్తా సంభాషణగ్రంథమున దీనికై యొక ప్రకరణమే కేటాయింపఁబడినది. 1753లో లిన్నెయసు ప్రపంచమందలి మొక్కలకుఁ బేళ్లు పెట్టుచు దీనిని కన్వాల్వ్యులస్ టర్పెథుమ్ అనెను. 1810లో రాబర్టు బ్రౌను ఐపొమియా జాతిలోనికిని, 1836లో సిల్వా మాన్సో ఒపెర్క్యులైనా జాతిలోనికిని దీనిని మార్చిరి. కాయకుఁ గల మూఁతనుబట్టి కడపటి జాతినామము వచ్చినది. జాతినామము రెండుమాఱులు మాఱినను ద్రిపుటాశబ్దము మాత్రము మొక్కను విడువలేదు. అంతియే కాదు. పాదరసమునుండి చేయు నొక పసుపుపచ్చని లవణమునకు, వేరుపొడిరంగును బోలుటచే, ఐరోపారసవాదులు ఖనిజటర్పెతని పేరు పెట్టిరి. గంగాగోదావరీతీరములఁ బ్రాఁకు తీఁగపేరు విషప్రాయమైన పాదరసలవణమున కంటుకొన్నది. పేరు వస్తువును విడిచి యెంతదూరము పోఁగలదో యిందువలనఁ దెలియును.

ఆంగ్లేయులు మన దేశమునకు వచ్చిన పిమ్మట మఱియొక వింత జరిగినది. వారికి సుపరిచితమైన విరేచనౌషధము జాలపు. అది మెక్సికోదేశమున హలాపానగరముపేరఁ బ్రసిద్ధమైన వేరు. ఆ మొక్కయు మన తెగడయు నొక్క కుటుంబమునకుఁ జెందినవి. ఆ కారణముచేఁ దెగడకు భారతీయజాలపను పేరు పెట్టిరి. బాగ్దాదునకు వేయేండ్లక్రిందటఁ దెలిసిన మందు, కొలంబసునకుఁ బిమ్మట నైరోపాకుఁ దెలిసిన మందుయొక్క ప్రతినిధిగాఁ బరిగణింపఁబడినది. అందు విశ్వాసము లేని యాంగ్లేయవైద్యులును గలరు. ఐనను 1900లో వెలువడిన బ్రిటిషు ఫార్మకోపియా భారతీయ వలసరాజ్యానుబంధమున దీనికి స్థానము లభించెను.

ఇఁక సునాముఖి మాట. ఈ పేరు వినఁగానే కాళహస్తిప్రాంతమున నుండువారికి స్వర్ణముఖీనది జ్ఞప్తికి వచ్చును. నవీనులగు నిఘంటుకారులు దీనికి స్వర్ణముఖి, స్వర్ణపత్రి, మార్కండిక మొదలగు సంస్కృతనామములు వ్రాసిరి. ఎండిన యాకు పసుపువన్నె గలదిగా నుండుటచే బంగరుమోమను నర్థము కుదిరినట్లు తోఁచును. కాని చరకునియందుఁ గాని సుశ్రుతునియందుఁ గాని వాగ్భటునియందుఁ గాని యీ ద్రవ్యము లేదు. విరేచనద్రవ్యములను వేళ్లని, చెక్కలని, పండ్లని, పాలని యంత శ్రద్ధతో విభజించిన సుశ్రుతుఁడు, సునాముఖి యెఱిఁగియున్నచో, ఆకులలో నిది మేలని చెప్పకుండునా? ఆ విభాగమున నాకులవరుసయే లేదు. ఇది చిన్న లోపముగాఁ గానవచ్చును గాని చరిత్రకారునకుఁ బెద్ద సాక్ష్యము.

అరబ్బీలో నీ యాకునకు సనా యని పేరు. మక్కానగరపు వర్తకముద్వారా వచ్చునది మేలుదిగాఁ బ్రసిద్ధి గాంచి సనామక్కీ యని పిలువఁబడెను. ఆ మాట ఉత్తరదేశభాషలలో సోనాముఖియైనది. మక్కీలోని ద్విత్వకకారమునకు ముఖశబ్దమును, సనాకు సువర్ణవాచకమగు సోనాను జనులు తమకుఁ దెలిసిన మాటలతో సరిపెట్టుకొనిరి. తెలుఁగున నది సునాముఖి. అర్థము తెలియని పరభాషాపదమును దెలిసిన పదముగా మార్చుకొనుట లోకస్వభావము. అందు దోషము లేదు. తరువాతివారు సోనాముఖిని స్వర్ణముఖిగా దిద్ది శ్లోకమునఁ బొదిగిరి. అప్పటినుండి మక్కావర్తకుని సరకు మార్కండేయునికాలపు మూలికవలె వేషము దాల్చినది. సునాముఖి తత్సమమువలెఁ గానవచ్చు నన్యదేశ్యము.

ఈ ద్రవ్యముతోఁ జేయు యోగములలోఁ బంచసకారచూర్ణము ప్రసిద్ధమైనది. సనా, శుంఠి, సోంపు, సైంధవలవణము, శివా యనఁబడు కరక యను నైదును సకారముతో మొదలగుటచే నా పేరు వచ్చినదందురు. కాని పరికింపుఁడు: శుంఠియందును శివాయందును నున్నది తాలవ్యశకారము, సైంధవమునందున్నది దంత్యసకారము. ఉచ్చారణమున నీ రెండింటికిని భేదము పోయిన దేశభాషలలోఁ గాక పాణినీయమెఱిఁగినవాని చెవికి నీ లెక్క సరిపడునా? ఈ యోగనామము దేశభాషావ్యవహారమునఁ బుట్టినదనుట కిదియు నొక గుఱుతు. దానివలన యోగముయొక్క గుణమునకుఁ గొఱఁత లేదు. అది నేఁటికిని విరివిగా వాడఁబడుచున్నది.

తెలుఁగువా రీ మొక్కకు నింకొక పేరును బెట్టిరి: నేలతంగేడు. ఇది యచ్చతెలుఁగు పేరు. మన బీళ్లలోఁ బసుపుపూవులు పూయు తంగేడునకును దీనికిని గల పోలికను జూచి, పొట్టిదగుటచే నేలశబ్దమును జేర్చి పిలిచిరి. నేఁటి వృక్షశాస్త్రజ్ఞులును సునాముఖిని దంగేడును సెన్నా యను నొక్క జాతియందే చేర్చియున్నారు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వభాగమున జార్జి హ్యూసను నాంగ్లేయవర్తకుఁడు దక్షిణమున తిరునెల్వేలిప్రాంతమున దీనిని సేద్యము చేయించెను. ఆ యాకు తిన్నెవెల్లిసెన్నా యను పేరుతో లోకమంతట నమ్ముడుపోయినది. 1941లో స్టోలు మొదలగువారు దీనినుండి సెన్నోసైడులను సారభూతపదార్థములను వేఱుపఱచిరి. పరదేశమునుండి వచ్చిన యోషధి మన నేలఁ బండి మరల పరదేశములకుఁ బోవుచున్నది. ఇన్ని పేళ్లలో దాని కులమును సత్యముగాఁ జెప్పినది నేలతంగేడను పల్లెమాట యొక్కటియే.

ఈ విచారమువలనఁ గలుగు ప్రయోజనమేమని యడుగవచ్చును. మొదటిది వైద్యవిషయము. పేరునే ప్రమాణముగాఁ గొన్నవాఁడు వస్తువు విషయమున మోసపోవును. ఉత్తరదేశపు విపణులలోఁ దెల్లతెగడయను పేర జిల్లేడుకుటుంబమునకుఁ జెందిన మార్స్‌డీనియా టెనాసిస్సిమా యను వేఱు తీఁగయొక్క కాండములను నమ్ముచుండుట పరీక్షకులు కనుగొన్నారు. చరకుఁడు సుఖవిరేచనములలో శ్రేష్ఠమన్నది యా ముక్కలను గుఱించి గాదు. నడిమికట్టె తీసిన వేరుచెక్కయా, లేక కాండమా యని చూచినచో శాస్త్రోక్తలక్షణమే మోసమును బయటఁబెట్టును. గ్రంథపాఠము నెఱిఁగిన పండితుఁడును మొక్క నెఱిఁగిన వైద్యుఁడును గూడి పనిచేయవలసిన చోటిది.

రెండవది చరిత్రవిషయము. సునాముఖికి ఋషిప్రోక్తత్వమును గట్టఁబెట్టుటచే నాయుర్వేదమునకుఁ గలుగు గౌరవ మేమియు లేదు. పోవునది మాత్రము గలదు. తెగడను బాగ్దాదునకు నేర్పినదియు, సనాను మక్కానుండి గ్రహించినదియు నొక్క శాస్త్రమే. ఇచ్చుటయుఁ బుచ్చుకొనుటయు నెఱిఁగిన శాస్త్రమును, గోడలు కట్టుకొని యెవ్వరినుండియు నేమియు నేర్వనిదిగా వర్ణించుట దానిని దక్కువచేయుటయే యగును. అట్లే తెగడ వంటి పల్లెమాటను గ్రామ్యమని త్రోసివేయుటచేఁ బ్రాచీనపరంపరలో నొక మెట్టును మన చేతులతో మనమే చెఱుపుకొందుము.

కావున నోషధినామములను నిర్ణయించునపుడు మూఁడు సాక్ష్యములను గలిపి చూడవలెనని నా మనవి. ప్రాచీనగ్రంథమున లక్షణప్రయోగములతోఁ గూడిన యుల్లేఖ మున్నదా? పలుభాషలలోని రూపములు ధ్వనినియమములకు లోఁబడి యొకదానితో నొకటి పొసఁగుచున్నవా? ఎదుటనున్న మొక్క యా మాటయొక్క యర్థమునకు సరిపడుచున్నదా? తెగడ యీ మూఁటికిని నిలిచినది. స్వర్ణముఖి మొదటిదానియందే తొలఁగినది. నేపాళము, చోపచీని మొదలగు మఱికొన్ని ద్రవ్యనామములను నీ రీతినే పరిశీలింపవలసియున్నది. పల్లెలలోని వృద్ధవైద్యులకడ నిఁకను మిగిలియున్న మూలికల పేళ్లను, మొక్కలను జూపించి వ్రాయించుకొని, ప్రాంతభేదములతో సేకరింప నెవరేనిఁ బూనుకొన్నచో నాయుర్వేదచరిత్రకును దెలుఁగుభాషాచరిత్రకును గూడ మేలు గలుగును. విజ్ఞు లీ విషయమును విమర్శింతురుగాక.